ఆగీ ఎడమ చెయ్యి

మొదటి మూడు మ్యాచ్‌లూ వరసపెట్టి ఓడిపోయి, మంగలి షాపులో కూడా తలెత్తుకోలేని స్థితికి వచ్చిన స్లేట్ హార్బర్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి ఓడలేదు. పోయిన వారం కథలో మనం వాళ్లని వదిలి వచ్చేసరికి, కాల్డర్ కాలేజీ మీద ఆఖరి నిమిషంలో గెలిచి, బురదలో ఒకడి మీద ఒకడు పడి దొర్లుతున్నారు. ఆ కుప్పలో ఇద్దరు లేరు. ఒకడు పీట్. చీలమండ విరిగి అంబులెన్సులో ఉన్నాడు. రెండోవాడు ఆగీ లంపినెన్. మైదానం అంచున ఒక్కడే నిలబడి, కుడిచేత్తో ఎడమచేతి వేళ్లని ఒక్కొక్కటే మడిచి, విప్పి చూసుకుంటున్నాడు. అది ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ వెస్ పాస్కో ఒక్కడికే కంటపడింది.

ఆగీ ఆ జట్టుకి సెంటర్. బంతి మీదకి వంగి, కాళ్ల మధ్యనుంచి దాన్ని వెనకనున్న వెస్ చేతికి అందించేది వాడే. వాడు అందిస్తే తప్ప ఆట కదలదు. అందించిన మరుక్షణం, ఎదురుగా దూసుకొచ్చే వాళ్లని చేతులతో, భుజాలతో అడ్డుకుని వెస్‌ని కాపాడాల్సిందీ వాడే. ఆ పని వచ్చినవాళ్లు జట్టులో ఇద్దరే ఉండేవాళ్లు. పీట్ కాలు విరిగాక ఒక్కడు మిగిలాడు.

మ్యాచ్ కూడా ఒక్కటే మిగిలింది. వచ్చే శనివారం, సొంత మైదానంలో, హార్టన్ కాలేజీతో. అది గెలిస్తే లీగ్ కప్పు వీళ్లది. వెస్ పుట్టకముందెప్పుడో ఒకసారి ఈ ఊరికి వచ్చి, మళ్లీ మొహం చూపించని కప్పు అది.

మ్యాచ్ రోజు సాయంత్రం ఆగీ వాళ్ల నాయనమ్మ ఇంట్లో సౌనా, అంటే ఆవిరి స్నానం, ఉంటుంది. గెలిచినా వెళ్తారు, ఓడినా వెళ్తారు. ఆ శనివారం మిగతా కుర్రాళ్లంతా పీట్‌ని చూడటానికి ఆసుపత్రికి పోయారు. ఆగీ, వెస్ ఇద్దరే వచ్చారు.

"గెలిచారటగా," అంది ముసలావిడ వాకిట్లోనే. ఆమెని ఊరంతా ముమ్ము అనే పిలుస్తారు, ఫిన్నిష్‌లో నాయనమ్మ అని. మనిషి ఆగీ మోచేతి ఎత్తు ఉంటుందేమో. "రేడియోలో విన్నా. ఆ అరిచేవాడికి గొంతు పోయింది పాపం. బూట్లు బయటే విప్పండి. ఆ బురద నా వంటింట్లోకి వచ్చిందో, హార్టన్ వాళ్లకి మీలో ఎవడూ మిగలడు."

"ఏం వండావు ముమ్మూ?" అన్నాడు వెస్, బూటు పీకుతూ.

"పాస్టీలు."

"మళ్లీ కేరట్ వేశావా? పాస్టీ కనిపెట్టింది మా కార్నిష్ వాళ్లు. గనిలో దిగే మనిషికి మాంసం, బంగాళాదుంప పిండిలో పెట్టి మడిచి, కాల్చి ఇచ్చేవాళ్లు. అందులో కేరట్ పెట్టి పాడుచేసింది మీ ఫిన్నిష్ వాళ్లు."

"అందుకేనా పోయినసారి మూడు తిన్నావు?"

"పాడైనవి ఇంకెవరైనా తింటారేమోనని జాలిపడి తిన్నా."

ముమ్ము చేతిలోని తువ్వాలు తీసి వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. ఆగీ నవ్వాడు. ఎప్పుడూ ఇల్లదిరేలా నవ్వే ఆగీ, ఆ పూట పెదాలతో మాత్రమే నవ్వాడు. వెస్ అది కూడా చూశాడు.

సౌనా గది ఇంటి వెనక, సరస్సు ఒడ్డున ఉంది. దేవదారు చెక్కలతో వాళ్ల తాత కట్టింది. లోపల పొయ్యి మీద రాళ్లు అప్పటికే ఎర్రగా కాలి ఉన్నాయి. ఇద్దరూ పై బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. చిన్న కిటికీ అద్దంలోంచి నీళ్లు కనిపిస్తున్నాయి. నవంబరు గాలికి సరస్సు సముద్రంలా లేస్తోంది.

"కొంచెం నీళ్లు పొయ్యరా," అన్నాడు వెస్.

బక్కెట్టు, గరిటె ఆగీకి ఎడమపక్కన ఉన్నాయి. ఆగీ నడుము దగ్గర్నుంచి మొత్తం తిరిగి, కుడిచేతిని ఒంటి మీదుగా చాపి గరిటె అందుకున్నాడు. నీళ్లు రాళ్ల మీద పడి బుస్సుమన్నాయి. వేడి ఆవిరి వచ్చి మొహానికి కొట్టింది.

"పక్కనున్న గరిటెకి అంత తిరుగుడెందుకు?"

"అలవాటు."

"ఎప్పట్నుంచి?"

ఆగీ గరిటెని బక్కెట్టులో పడేశాడు.

"ఆ చెయ్యి పైకెత్తు."

"ఏ చెయ్యి?"

"నాతో వేషాలెయ్యకు. ఎడమది."

ఆగీ ఎత్తాడు. భుజం దాకా వచ్చింది. అక్కడ ఆగి, సన్నగా వణికి, దానంతటదే కిందికి వచ్చేసింది. ఆవిరి కాస్త పలచబడేసరికి వెస్ రెండు చేతుల్నీ పక్కపక్కన చూశాడు. కుడి జబ్బ ఎప్పట్లానే దూలంలా ఉంది. ఎడమ జబ్బ కండ జారిపోయి, ఎవరో చిన్నవాడి చెయ్యి తెచ్చి అతికించినట్టుంది. నాలుగేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నారు. ఈ చలికి పొద్దస్తమానం మందపాటి స్వెటర్లలో తిరుగుతూ, కుర్రాళ్లంతా కిక్కిరిసిన సౌనాలో మూలకి ఒదిగే మనిషి ఒళ్లు వెస్‌కి సరిగ్గా కనిపించనే లేదు.

"ఎప్పుడు తగిలింది?" వెస్ గొంతు మెల్లగానే ఉంది.

"రెడ్ క్రీక్ వాళ్లతో ఆడిన రోజు. తల కిందికి పెట్టి ఢీకొన్నా. మెడలోంచి వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టు పాకింది. అంతకుముందు కూడా ఒకట్రెండుసార్లు వచ్చిందిలే. నిమిషంలో పోయేది. ఈసారి పోలేదు."

"అది జరిగి మూడు వారాలైందిరా!"

"తెలుసు."

"ఇవాళ ఎన్నిసార్లు నీ ఎడమపక్కనుంచి దూరి వచ్చి నా మీద పడ్డారో తెలుసా? నేను నీ కాలు జారుతోందేమో, బురద కదా అనుకున్నా. లేచినప్పుడల్లా 'పర్లేదులేరా' అని నీ వీపు తట్టా. నీకు సిగ్గనిపించలేదూ?"

"అనిపించింది. పడిన ప్రతిసారీ నిన్ను లేపింది నేనే కదా. కుడిచేత్తో లేపా. నువ్వు చూసుకోలేదు."

వెస్‌కి కోపంలోనే నవ్వొచ్చింది. దాన్ని మింగేశాడు. "కోచ్‌కి చెప్పు."

"చెప్పను."

"సరే, అయితే డాక్టర్‌కి చెప్పు."

"డాక్టర్‌కి చెబితే కోచ్‌కి చెప్పినట్టే. ఒక్క మ్యాచ్ వెస్. ఒక్కటంటే ఒక్కటి. ఆ తర్వాత చెయ్యి కోసి దండెం మీద ఆరేసినా నేను అడగను. పీట్ ఎలాగూ లేడు. నేను లేకపోతే నీకు బంతి ఎవడిస్తాడు? ముమ్ము ఇస్తుందా?"

"ఇస్తుంది. నీకంటే బాగా ఇస్తుంది. నేను అడిగేది చెయ్యి గురించి కాదు. మెడ గురించి. రిక్ సోల్‌బర్గ్‌ని మర్చిపోయావా?"

ఆ పేరు వినగానే ఆగీ తల దించుకున్నాడు. హైస్కూల్లో ముగ్గురూ ఒకే జట్టు. ఒక శుక్రవారం రిక్ మామూలుగా పడ్డాడు, అందరూ పడ్డట్టే. లేవలేదు. ఇప్పటికీ వాళ్లమ్మే వాడికి అన్నం తినిపిస్తుంది. మొదటి ఏడాది ఇద్దరూ ప్రతి ఆదివారం వెళ్లి వాడి మంచం పక్కన పేకాడేవాళ్లు. వాడి ముక్కలు కూడా వీళ్లే వాడికి కనపడేలా పట్టుకుని, తాము చూడకుండా ఆడేవాళ్లు.

తల ఎత్తకుండానే ఆగీ అన్నాడు, "మా నాన్న వస్తున్నాడు."

"ఎక్కడికి?"

"మ్యాచ్‌కి. శనివారం."

వెస్ వాడి వైపు తిరిగాడు. ఆగీ తండ్రి ఓర్వో లంపినెన్ ఇనుప ఖనిజం మోసే ఓడలో పని చేస్తాడు. మంచు కరిగిన దగ్గర్నుంచి సరస్సు మళ్లీ గడ్డకట్టేదాకా ఆయన నీళ్ల మీదే. ఫుట్‌బాల్ మొదలయ్యేది, అయిపోయేది ఆ మధ్యలోనే. కొడుకు నాలుగేళ్లుగా ఆడుతున్నాడు. ఆయన ఒక్క మ్యాచ్ చూడలేదు. ఓడ ఒడ్డుకి దగ్గరగా ఉన్న రోజున రేడియో గరగరల్లో వినేవాడట.

"సెలవు అడిగాడురా," అన్నాడు ఆగీ.  "మా నాన్న సెలవు అడిగాడు. ఆయన పెళ్లికి కూడా సెలవు అడగలేదు తెలుసా? ఓడలు ఆగిపోయేదాకా కూర్చుని, జనవరిలో చేసుకున్నాడు. అలాంటి మనిషి కెప్టెన్ దగ్గరికి పోయి, మావాడి ఆఖరి మ్యాచ్ అని చెప్పాడంట. ఆయనొచ్చి కూర్చుంటే నేను బెంచీ మీద కోటు కప్పుకుని ఉండాలా?"

వెస్ పొయ్యి వంక తిరిగాడు. చెమట కళ్లల్లోకి కారుతోంది. అది చెమటేనా కాదా అని ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

"సోమవారం ప్రాక్టీసుకి ముందు నువ్వే చెప్పు," అన్నాడు చివరికి. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

"నువ్వు చెబితే, ఇక నా మొహం చూడకు."

"చూడను. నువ్వు నడుస్తూ తిరుగుతున్నావని ఎవరైనా చెబితే చాలు."

ఆగీ లేచాడు. తలుపు తోసుకుని, చెక్కవంతెన మీద ధనధన పరిగెత్తి, ఆ చలిలో, ఆ అలల్లో దూకాడు. వెస్ గుమ్మంలో నిలబడి తల పైకి తేలేదాకా చూశాడు. తేలింది. ఆగీ ఒక చేత్తో ఈదుకుంటూ వస్తున్నాడు.

భోజనాల దగ్గర ఇద్దరూ ముమ్ముతోనే మాట్లాడారు. వెస్ ఒక పాస్టీ తిని చాలన్నాడు. ముమ్ము ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా కాఫీ పోసింది. ఆగీ ముందే కాలేజీ గదికి నడిచాడు. వెస్ బయల్దేరుతుంటే ముమ్ము వెనకే గుమ్మం దాకా వచ్చి, గుడ్డలో కట్టిన పాస్టీల మూట వాడి కోటు జేబులో కుక్కింది.

"రేపు నీకు ఎక్కడికైనా వెళ్లాలనిపిస్తే, వెళ్లు," అంది గొంతు తగ్గించి. "వీడు అలుగుతాడు. వీళ్ల తాత కూడా ఇంతే, అలిగి పడవ కింద పడుకునేవాడు. ఆకలేస్తే లేచి వచ్చేవాడు."

"ముమ్మూ, నీకు..."

"చలిగాలి లోపలికొస్తోంది. పో."

ఆదివారం మధ్యాహ్నం వెస్ కోచ్ ఇంటి ముందు నిలబడ్డాడు. అంతకుముందు ఆ వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాడు. సోమవారం దాకా ఆగుతానని తనే అన్నాడు. కానీ తెల్లవారుజామున లేచి చూస్తే ఆగీ మంచం ఖాళీగా ఉంది. బూట్లు లేవు, మైదానంలో ఆడే బంతి లేదు. ఆ చేత్తో, ఆ మెడతో, ఎక్కడో ఒంటరిగా తనని తాను పరీక్షించుకుంటున్నాడన్నమాట. సోమవారం దాకా ఆగే ధైర్యం ఇక వెస్‌కి లేకపోయింది.

తలుపు తీసింది కోచ్ భార్య టెరేసా. లోపల్నుంచి టమాటా, వెల్లుల్లి, మసాలా పట్టించిన సాసేజీ వాసన గుప్పున వచ్చింది. "రా నాయనా, సరిగ్గా వేళకొచ్చావు. ఇంకో మనిషి కూడా ఉన్నారు. నలుగురికి సరిపోతుందిలే," అంది.

వంటింట్లో కోచ్ బెర్టోల్డి ఏప్రన్ కట్టుకుని జున్ను తురుముతున్నాడు. మైదానంలో ఆయన అరిస్తే రేవులో పక్షులు లేచిపోతాయి. ఇంట్లో ఆయన మాట వినాలంటే దగ్గరికి వెళ్లాలి. బల్ల దగ్గర ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, గాలికి కమిలిన మొహం, టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన చెవులు చూడగానే వెస్ అడుగు ఆగింది. అవి అచ్చం ఆగీ చెవులు.

"నువ్వు వెస్‌వి కదూ," అన్నాడు ఆయన లేచి. "నేను ఓర్వో."

"మీరు... శనివారం కదా రావలసింది?"

"తుఫాను. ఓడ లంగరేసి ఆపేశారు. పొద్దున్న చిన్న పడవలో ఒడ్డుకొచ్చా." ఆయన ఒక్కో మాటనీ వెతికి తెచ్చుకుంటున్నట్టు మాట్లాడతాడు. "ఇంటికెళ్తే మావాడు లేడు. మా అమ్మ కాఫీ కూడా ఇవ్వలేదు. 'కోచ్ ఇంటికి పోయి కూర్చో, ఆ పాస్కో పిల్లాడు వస్తాడు, వాడు చెప్పేది విను' అంది. వచ్చి కూర్చున్నా."

కోచ్ తురుముతున్న చెయ్యి ఆపాడు. "నన్నేం అడక్కు. నాకూ అదే చెప్పాడు. గంట నుంచి ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం. ఏంటి సంగతి?"

వెస్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. రెడ్ క్రీక్ మ్యాచ్ దగ్గర్నుంచి సౌనాలో చూసిన జబ్బ దాకా, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. తండ్రి వస్తున్నాడన్న మాట దగ్గర మాత్రం తడబడ్డాడు. టెరేసా గ్లాసు నీళ్లు తెచ్చి చేతిలో పెట్టింది. ఓర్వో అంతా వింటూ, టోపీ అంచుని వేళ్లతో గుండ్రంగా తిప్పుతూ ఉన్నాడు. కోచ్ ఏప్రన్ విప్పి కుర్చీ మీద పడేశాడు.

"నేనెలా చూడలేదు?" అన్నాడు కోచ్. ఆ ప్రశ్న ఎవర్నీ అడిగింది కాదు. "ఎడమపక్క చిల్లు పడుతోందని నాకు తెలుసు. వాణ్ణి నిలబెట్టి తిట్టాను కూడా. బద్ధకం వచ్చిందిరా నీకు అన్నాను. నాలుగు గెలుపులు చూసేసరికి నా కళ్లు నెత్తికెక్కాయి."

"వాడు దాచాడు కోచ్. నా దగ్గరే దాచాడు."

"నువ్వు వాడి స్నేహితుడివి. చూడటం నా ఉద్యోగం." ఆయన ఓర్వో వైపు తిరిగాడు. "రేపు పొద్దున్నే నేనే తీసుకెళ్లి పెద్ద డాక్టర్‌కి చూపిస్తా. వాడు శనివారం ఆడడు. కప్పు పోతే పోనీ."

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. ఆగీ లోపలికి వచ్చాడు. జుట్టు నిండా మంచుతుంపర, కుడి చంకలో బంతి. ముందు వెస్‌ని చూశాడు.

"చెప్పేశావా?"

"చెప్పేశా."

"సోమవారం అన్నావు కదరా!"

"ఆగలేకపోయా. పొద్దున్న నీ మంచం ఖాళీగా ఉంటే..."

"దొంగవెధవా, నేనే చెబుదామని వచ్చా! రాత్రంతా నిద్రపోకుండా, బాత్రూం అద్దం ముందు నిలబడి ఏం చెప్పాలో వల్లెవేసుకుని వచ్చా. మొత్తం పాడు..." అంటూ తల తిప్పేసరికి బల్ల దగ్గరి మనిషి కనిపించాడు.  చంకలోని బంతి జారి, నేల మీద పడి, పొయ్యి కిందికి దొర్లిపోయింది.

"నాన్నా."

ఓర్వో లేచి కొడుకు దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ సరిగ్గా ఒకే ఎత్తు. "చెయ్యి ఇవ్వు," అన్నాడు.

ఆగీ కుడిచెయ్యి చాపాడు.

"అది కాదు. ఇంకోటి."

ఆగీ ఎడమచెయ్యి తండ్రి చేతిలో పెట్టాడు.

"నొక్కు."

 పొయ్యి మీద సాస్ కుతకుతమంటోంది. ఓర్వో కొడుకు కళ్లల్లోకి చూస్తూ ఎదురుచూశాడు.

"నొక్కరా, గట్టిగా."

"నొక్కుతూనే ఉన్నా," అన్నాడు ఆగీ.

 ఓర్వో రెండో చెయ్యి తెచ్చి ఆ చేతి మీద వేసి మూసేశాడు. అలా పట్టుకునే ఉన్నాడు. 

"మీరు చూడటానికి వస్తున్నారని," అన్నాడు వాడు, చిన్నపిల్లాడిలా. "మొదటిసారి వస్తున్నారని..."

"నాకు ఆట ఏం తెలుసురా? బంతి ఎటు పోతుందో కూడా నాకు తెలీదు. అంతమంది ఒకే రంగు చొక్కాల్లో ఒకడి మీద ఒకడు పడుతుంటే, అందులో మావాడెక్కడ అని వెతుక్కోవాలి. బెంచీ మీద కూర్చున్నావనుకో, మ్యాచ్ అంతా నువ్వే కనిపిస్తావు." ఆయన అంతకంటే పెద్ద మాట ఎప్పుడూ మాట్లాడినట్టు లేదు. ఆయాసపడ్డాడు. "నీ పక్కన కూర్చోనిస్తారా అని అడుగు."

"కూర్చోండి," అన్నాడు కోచ్ వెంటనే. "నా కుర్చీ తీసుకోండి. నేనెలాగూ కూర్చోను."

టెరేసా తడి చేతులతో కళ్లు తుడుచుకోలేక, వంటగుడ్డతో తుడుచుకుంది. ఆగీ తండ్రి భుజం మీద తల ఆనించాడు. అక్కడ్నుంచే, తల ఎత్తకుండా, "వెస్," అన్నాడు.

"ఊఁ."

"నా మొహం చూడొద్దన్నా కదా. ఇప్పుడు ఇటు తిరగొచ్చా?"

"ఈ ఒక్కసారికి తిరుగు."

ఆగీ తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నా, పాత నవ్వు ఒక మూల నుంచి తిరిగొస్తోంది. వెస్ వచ్చి, వాడి మెడని తాకకుండా జాగ్రత్తగా, కుడి జబ్బ మీద ఒక గుద్దు గుద్దాడు. అంతే. వాళ్లిద్దరి మధ్యా ఆ మాట అక్కడితో అయిపోయింది.

టెరేసా పళ్లేలు దించింది. అందరూ కూర్చున్నారు. కానీ కోచ్ ఫోర్కు ముట్టుకోలేదు. జున్ను తురుము మీద వేలితో గీతలు గీస్తున్నాడు.

"సరే, శనివారం మైదానంలోకి దిగాలి," అన్నాడు. "బంతి ఎవడిస్తాడు? సెంటర్‌కి అటూ ఇటూ నిలబడే గార్డుల్లో ఎవణ్ణైనా అయిదు రోజుల్లో తయారుచెయ్యాలి. హార్టన్ వాళ్లు నడిమధ్యలోంచి తోసుకొస్తారు. కొత్తవాడు బంతి చూసుకుంటాడా, వాళ్లని చూసుకుంటాడా? వెస్, నీ పక్కటెముకలకి ఇప్పుడే క్షమాపణ చెప్పుకుంటున్నా."

"ఒకడున్నాడు కోచ్," అన్నాడు ఆగీ.

"ఎవడు?"

ఆగీ నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి, మళ్లీ తీసి తాగాడు. "నాకు ఈ చెయ్యి ఆఖరిదాకా నిలబడుతుందో లేదో అన్న అనుమానం మొదట్నుంచీ ఉంది. అందుకని తగిలిన మర్నాటి నుంచే పొద్దున్నపూట, వెస్ నిద్ర లేవకముందే పోయి, సామిల్లు వెనక ఒకడితో కలిసి ఆడుతున్నా. ఇవాళ కూడా అక్కడి నుంచే వస్తున్నా. నాకంటే బాగా ఇస్తున్నాడు బంతి. చెయ్యి అలవాటు తప్పలేదు. మన కాలేజీలోనే చదువుతున్నాడు, ఆడే హక్కు ఇంకా ఉంది. మన ఆటలన్నీ వాడికి నిద్రలో కూడా వచ్చు."

"మన ఆటలన్నీ వాడికెలా..." అని మొదలుపెట్టిన కోచ్ సగంలో ఆగిపోయాడు.

టెరేసా పొయ్యి దగ్గరికి వెళ్లి మంట ఆర్పేసింది. సాస్ ఉడుకు ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఆ పేరు వినబడి రెండేళ్లు కావస్తోంది. డొమినిక్ బెర్టోల్డి. కోచ్ ఒక్కగానొక్క కొడుకు. ఆగీకంటే ముందు జట్టుకి సెంటర్ వాడే. రెండేళ్ల కిందట ఇదే హార్టన్‌తో ఆడుతూ, ఆఖరి ఆటలో వాడి చేతిలో బంతి జారి క్వార్టర్‌బ్యాక్ తల మీదుగా పోయింది. మ్యాచ్ కూడా దాంతోనే పోయింది. తండ్రి అందరి ముందూ ఏమన్నాడో, ఇంటికొచ్చాక కొడుకు ఏమన్నాడో ఊళ్లో రకరకాలుగా చెప్పుకుంటారు. ఆ వారమే డొమినిక్ బట్టలు సర్దుకుని వెళ్లి సామిల్లు మీది గదిలో అద్దెకి దిగాడు. ఆదివారం వండిన దాంట్లో కొంత టెరేసా గిన్నెలో సర్ది అక్కడికి తీసుకెళ్తుంది. తీసుకెళ్తోందని కోచ్‌కి తెలుసు. తెలుసని ఆమెకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

"వాడు ఒప్పుకున్నాడా?" అంది టెరేసా. ఆమె మాట గుసగుసలా వచ్చింది.

"నాతో సాధన చెయ్యడానికి ఒప్పుకున్నాడు ఆంటీ. ఆడటానికి ఇంకా ఒప్పుకోలేదు. 'ఆయన పిలిస్తే చూద్దాం' అన్నాడు." ఆగీ కోచ్ వైపు చూడకుండా, పళ్లెం వైపు చూస్తూ చెప్పాడు. "నన్ను వాడే తీసుకొచ్చాడు. బయట ట్రక్కులో కూర్చున్నాడు. లోపలికి రారా అంటే రానన్నాడు."

 కోచ్ మొహం చూస్తుంటే వెస్‌కి భయమేసింది. మైదానంలో ఎంత కోపంలోనూ అలాంటి మొహం చూడలేదు. అది కోపం కాదు కూడా.

"గీడో," అంది టెరేసా. భర్తని పేరు పెట్టి పిలిచిందంతే. 

కోచ్ బెర్టోల్డి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎత్తలేదు. కోటు వేసుకోలేదు. చేతులకి అంటిన జున్ను తురుము ప్యాంటుకి తుడుచుకుంటూ, తలుపు దాకా నాలుగు అడుగులు వేసి, గొళ్లెం మీద చెయ్యి పెట్టి, ఏం మాట్లాడాలో తెలియని కొత్తకుర్రాడిలా నిలబడిపోయాడు.

అప్పుడే బయట ట్రక్కు ఇంజను స్టార్టయింది.